తడిసిన ప్యాడ్లు

ఎనభైల తొలినాళ్లలో భారత మహిళల హాకీ జట్టు ఎంపికకు నన్ను పిలిచారు. నేను గోల్‌కీపర్‌ని. మా ఇల్లందులో ఆడేది బొగ్గు పొడి నేల మీద కాబట్టి, కాళ్లకు కట్టుకునే నా దూది ప్యాడ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

బయలుదేరే రోజు పొద్దున్నే చూస్తే అవి నీళ్లు కారుతూ దండెం మీద వేలాడుతున్నాయి.

“గంత పెద్దోళ్ల ముంగట మురికియి కట్టుకుంటవా బిడ్డా? కుంకుడుకాయ పెట్టి ఉతికిన,” అంది అమ్మ సంబరంగా.

ఏడవడానికి కూడా టైం లేదు. కొత్తగూడెంలో రైలు అందుకోవాలి. బస్సెక్కగానే డ్రైవర్‌ను బతిమాలి, అతని పక్కన సలసల కాగుతున్న ఇంజన్ బానెట్ మీద ప్యాడ్లు పరిచాను. కుదురుగా కూర్చోలేక మాటిమాటికీ లేచి తిప్పుతున్నాను.

టేకులపల్లి దాటి అడవిలోకి వచ్చామో లేదో, ప్యాడ్ల నుంచి గుప్పున ఆవిరి లేచింది.

“ఇంజన్ కాలుతాంది! జల్దీ దిగుండ్రి!” అని ఎవరో అరిచారు. జనం తోసుకుంటూ రోడ్డు మీదికి దూకారు. డ్రైవర్ దోసిళ్లతో మట్టి తెచ్చి పోయబోయాడు. నేను ప్యాడ్లను కావలించుకుని, “పొగ గాదన్నా, ఆవిరి! తడి ఆరబెడుతున్న!” అని కేకపెట్టాను. కొత్తగూడెం దాకా అందరూ తిడుతూనే ఉన్నారు.

రైలు దొరికింది. ఎంపిక మ్యాచ్‌లో తొలి బంతి తగలగానే, పైకి ఆరినట్టున్న ప్యాడ్‌లోంచి నీళ్లు నా మొహాన చిమ్మాయి. బంతి మాత్రం తిరిగి ఎదుటివాళ్లకు అందేలా ఎగరకుండా నా కాళ్ల దగ్గరే చతికిలబడింది.

తర్వాత దేశం తరఫున ఆడిన ప్రతి మ్యాచ్‌కూ ముందు లోపల తడి ఉందేమోనని ప్యాడ్లను గట్టిగా పిండి చూసుకునేదాన్ని. అదేదో నమ్మకం అనుకునేవారు జట్టులో. అసలు సంగతి ఇన్నాళ్లకు మీకే చెబుతున్నాను.