ఎడంకాలికి పనిలేని కారు

సింగరయ్య నిజాంపట్నం పక్కన సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టాడు. పుట్టి ఏం లాభం, పడవెక్కితే వాంతులు. ఊరు ఊరంతా నవ్వింది. ఆ నవ్వులు పడలేక పద్దెనిమిదో ఏట తెనాలి వచ్చి లారీ క్లీనరుగా కుదిరాడు. వీరరాఘవయ్య అనే ముసలి డ్రైవరు దగ్గర నాలుగేళ్ళు టైర్లు విప్పి, రేడియేటర్లో నీళ్ళు పోసి, తిట్లు తిన్నాక గానీ స్టీరింగు చేతికి రాలా.

ఆ వీరరాఘవయ్య నేర్పే పద్ధతి వేరు. కాలవ వంతెన ఎక్కే వాలులో లారీ ఆపించి, వెనక టైరుకి ఆనించి నిమ్మకాయ పెట్టేవాడు. బ్రేకు తీసి, క్లచ్చి మీదే బండిని నిలబెట్టి ముందుకి పోనియ్యాలి. బండి వెనక్కి జారి కాయ చితికిందా, వీపు మోగిపోయేది. "ఎడంకాలు రానోడు డ్రైవరు కాదురా, బండి మీద బస్తా" అనేవాడు. సింగరయ్య నేర్చుకునే లోపల ఎన్ని కాయలు చితికాయో ఆ వీపుకే తెలుసు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు లారీ తోలాడు. మనిషిని కాదు గదా, కోడిపెట్టని కూడా తొక్కలా. లైసెన్సు పుస్తకంలో ఒక్క ఎర్ర గీత లేదు. పొలం లేదు, పడవ లేదు, అతని ఆస్తంతా ఆ పుస్తకమే. నడుం నొప్పి పట్టాక లారీ మానేసి, నందివెలుగులో బసవేశ్వరరావు గారనే కామందు దగ్గర అంబాసిడరు తోలడానికి చేరాడు.

డెబ్భై ఒకటిలో కామందు మద్రాసు వెళ్ళి పాత విదేశీ కారు కొనుక్కొచ్చాడు. ఓడంత కారు. ఎడంకాలితో తొక్కే క్లచ్చి లేదు. గేర్లు వాటంతటవే పడతాయి. అదొచ్చిన రోజే ఆయన ఇల్లరికపు అల్లుడు సీతారామాంజనేయులు ఎక్కి కళ్ళంలో నాలుగు చుట్లు తిప్పి, మీసం దువ్వుకుంటా దిగాడు.

"చూశావా సింగరయ్యా, ఎక్కడం తొక్కడం. దీనికి నాలుగేళ్ళు పట్టిందా నీకు?"

"నేర్చుకోడానికి ఇది వద్దండి అల్లుడుగారూ. ముందు అంబాసిడరు మీద నేర్చుకోండి. గేరు బండి వచ్చినోడు దీన్ని నిద్దట్లో తోల్తాడండి. దీని మీదే నేర్చుకున్నోడు ఇంకోటి ముట్టుకోలేడండి."

అరుగు మీంచి కామందుగారి భార్య అందుకుంది. "అబ్బో! బియ్యం మిల్లు వచ్చాక కూడా మా అమ్మాయి రోకలి పట్టాలంటావా ఏంటి?"

అందరూ నవ్వారు. సింగరయ్యకి జవాబు ఇంటికి పోతుంటే దారిలో తోచింది. మిల్లు ఆగితే బియ్యం ఆగుతాయి, అంతే. కారు ఆగకపోతే? కానీ అప్పుడు తోచి ఏం లాభం!

పైగా ఆవిడ ఇంకో మాట కూడా అంది. "వాడి బాధ వాడిది. అల్లుడికి వచ్చేస్తే వాడికి పనేముంటుంది? అందుకే సాగదీస్తన్నాడు." ఆ మాట సింగరయ్య గుండెల్లో ముల్లులా దిగింది. నిజం చెప్తే జీతం కోసమంటారు. చెప్పకపోతే రేపు ఎవడో చస్తాడు.

అయినా వదల్లా. బతిమాలి రెండ్రోజులు అల్లుణ్ణి అంబాసిడరు ఎక్కించి, వంతెన దగ్గర నిమ్మకాయ పెట్టాడు. బండి ఎగిరి ఎగిరి ఆగిపోయింది. నాట్లేసే ఆడవాళ్ళు నడుం ఎత్తి మరీ చూసి పకపకా నవ్వారు. అల్లుడు దిగొచ్చి ఆ కాయ తీసి కాలవలోకి విసిరాడు. "కారు నేర్పమంటే చేతబడి చేస్తన్నావేంటయ్యా!" మళ్ళీ అంబాసిడరు గడప తొక్కలా.

పదిరోజులకి బాపట్లలో లైసెన్సు పరీక్ష. విదేశీ కారులోనే వెళ్ళారు. దాని చుట్టూ జనం మూగారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు కూడా ముచ్చటపడి పక్కన కూచుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. దిగాక సింగరయ్యని పిలిచాడు.

"నువ్వు పాత లారీ మనిషివి, నీ మాట నమ్ముతా. ఈయనకి గేరు బండి వచ్చా?"

కామందు వెనక నించుని దగ్గాడు. సింగరయ్యకి విసుగు పుట్టింది. ఎవరి కోసం ఈ గోల? చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చావండి, అనుకున్నాడు.

"వచ్చండి. నేనే నేర్పానండి."

ఆ మాట అన్నాక నాలిక మీద ఏదో కుళ్ళినట్టయింది. బడ్డీకొట్టు దగ్గర సోడా తాగినా పోలా.

పంట కోతలు అయ్యేసరికి ఆ కారు మూలపడింది. తెనాలి మెకానిక్కు దాని గేరుపెట్టెలో చేతికందిన నూనె పోశాడు. ఎంత తొక్కినా అరుపే గానీ కదలదు. ఇంతలో రేపల్లెలో అల్లుడి స్నేహితుడి పెళ్ళొచ్చింది.

"అంబాసిడరు నేను తోల్తా" అన్నాడు అల్లుడు.

"అయ్యా, వద్దండి. నేను తోల్తా, మీరు వెనక దర్జాగా కూచోండి."

"లైసెన్సు ఉంది. నువ్వేగా నేర్పానని చెప్పింది! వెనక నువ్వు కూచో. పక్కన డ్రైవరు కూచుంటే నాకు నామోషీ."

ఎవరింటి డ్రైవరైనా ఇలా వెనక సీట్లో కూచుని చావుకి ఎదురు పోతాడా? సింగరయ్య పోయాడు.

అల్లుడు గేర్లు కరకరలాడిస్తా ఎలాగో బండిని లాక్కొచ్చాడు. రేపల్లె ఇంకో రెండు మైళ్ళుందనగా, ఎప్పటిలాగే తారు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఎండబోసి ఉన్నాయి. దానమ్మ అనే కూలి మనిషి వడ్లలో కాళ్ళు ఈడుస్తా తిరగేస్తంది. అల్లుడు బ్రేకు తొక్కాడు. క్లచ్చి తొక్కలా. బండి కక్కుకున్నట్టు ఎగిరింది. కంగారులో విదేశీ కారులో వెడల్పాటి బ్రేకు ఎక్కడుంటుందో అక్కడికి వేశాడు కాలు. ఇందులో అక్కడుండేది క్లచ్చి.

"బ్రేకండీ! మధ్యది! మధ్యది!" అని సింగరయ్య ముందు సీటు మీదుగా వంగి చెయ్యి చాపాడు. అందలా. కారు వడ్ల మీదకి ఎక్కింది. వడ్ల మీద టైరు ఎక్కడ ఆగుతుంది! జర్రున జారి దానమ్మని కొట్టింది. మోకాలి కింద ఎముక విరిగింది.

సింగరయ్య ఆమెని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి, తనే తోలుకుంటా రేపల్లె ఆసుపత్రికి చేర్చాడు. దారంతా ఆమె ఒకటే మాట, "నా కాలు ఉందా అన్నా? ఉందా?"

సాయంత్రానికి కామందు దిగాడు. ఆసుపత్రి వెనక్కి సింగరయ్యని పిలిచి భుజం మీద చెయ్యేశాడు. పనిలో చేరిన రెండేళ్ళలో ఎన్నడూ వెయ్యని చెయ్యి.

"నువ్వే తోలానని చెప్పు. ఆసుపత్రికి తోలుకొచ్చింది నువ్వేగా, అందరూ చూశారు. నీ ఇల్లు నేను చూసుకుంటా."

అల్లుడు గోడకానుకుని కిళ్ళీ నములుతున్నాడు. "ఏముంది మామయ్యా, వీళ్ళకి జైలైనా ఒకటే, ఇల్లైనా ఒకటే. అక్కడైతే రెండు పూటలా కూడు కూడానూ" అని ఎర్రగా ఉమ్మాడు.

ఆ ఉమ్మి కేసి ఒకసారి చూశాడు సింగరయ్య. కామందు చేతిని తన భుజం మీంచి తీసేశాడు. నేరుగా లోపలికి నడిచి, దానమ్మ మంచం దగ్గర రాసుకుంటున్న పోలీసు హెడ్డు ముందు నిలబడ్డాడు.

"కారు తోలింది సీతారామాంజనేయులు గారండి. నేను వెనక సీట్లో ఉన్నా."

హెడ్డు తలెత్తాడు. "ఆయనకి లైసెన్సు ఉందిగా. గేరు బండి రాదా ఏంటి?"

"రాదండి. వచ్చని బాపట్లలో చెప్పింది నేనే. అబద్ధం చెప్పా. అదీ రాసుకోండి."

"నీ లైసెన్సు పోద్ది. తెలిసే అంటన్నావా?"

"తెలిసే అంటన్నానండి."

మంచం మీంచి దానమ్మ అతన్ని చూసింది. "ముందే చెప్పి చావలేకపోయావా అన్నా" అంది.

ఉద్యోగం ఆ రోజే పోయింది. అల్లుడు జరిమానా కట్టి బయటపడ్డాడు. బాపట్లలో ఇన్‌స్పెక్టరు సింగరయ్య మొహం మీదే "నీ మాట నమ్మా కదయ్యా, సిగ్గులేదా" అని, ఆరునెలలు లైసెన్సు ఆపి, పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాడు. ఆ ఆరునెలలూ తెనాలి మార్కెట్లో నడుం నొప్పితోనే బస్తాలు మోశాడు. దానమ్మ కాలు అతికింది గానీ వంకరగా అతికింది.

గడువు తీరాక మళ్ళీ లారీల దగ్గరికి పోయాడు. పని అడిగిన ప్రతిచోటా అతనే పుస్తకం తెరిచి, ఎర్రగా రాసున్న కాయితం ముందు చూపించేవాడు. "ఇది చదివి పెట్టుకుంటే పెట్టుకోండి" అనేవాడు. నలుగురు చదివి పొమ్మన్నారు. అయిదోవాడు చదివి, తాళంచెవి ఇచ్చాడు.