కదిలే నీళ్లు

అమెరికాలో మా ఊరు ఇర్వింగ్‌లో మళ్లీ మంచు తుఫాను. పైపులు పగలకుండా వంటింటి కుళాయిని సన్నని ధారగా వదిలాను. ఆ చప్పుడుకి అమ్మమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. రోడ్లన్నీ గడ్డకట్టి అమ్మానాన్నా ఆఫీసుల దగ్గరే చిక్కుకుపోయారు. అపార్ట్‌మెంట్‌లో కరెంటు లేదు. నేనూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా మిగిలాం.

"టాప్ కొంచెం ఓపెన్ చేసి ఉంచు బంగారూ. కదిలే నీళ్లు ఫ్రీజ్ అవ్వవు," అంది అమ్మ ఫోన్‌లో.

అమ్మమ్మ రెండు స్వెటర్లు వేసుకుని, సోఫాలో కిటికీకేసి చూస్తూ కూర్చుంది. ఎంతసేపైనా కదల్లేదు. కదలకపోతే మనుషులూ గడ్డకడతారనుకుని భయపడ్డాను. పరుగెత్తి ఆమె చెయ్యి పట్టి ఊపాను.

"అమ్మమ్మా, మూవ్ అవ్వు!"

కాసేపాగి మళ్లీ ఊపాను. ఆ రోజంతా ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

"ఇన్నాళ్లకి తీరిందా తల్లీ, నాతో ఆడుకోవడానికి?" అని అమ్మమ్మ నవ్వి, నన్ను దుప్పటిలోకి లాక్కుంది.

మేమంతా బయటికెళ్లాక ఆమె రోజూ ఆ సోఫాలో అలాగే కూర్చునేదని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

కుళాయి కారుతూనే ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే. సోఫాలో కిటికీకేసి చూస్తూ, చాలాసేపటి నుంచి నేనూ కదల్లేదు.