కాగితం చల్లారకముందే

మా అవ్వల్ కార్కూన్ సారు పోయారు. సోమవారం పొద్దున వారి కోడలు ఫోన్ చేసింది. "నిద్రలనే పోయిండు అక్కా. ఎవరెవరికి చెప్పాల్నో క్యాలెండర్ ఎనక రాసిపెట్టిండు. మీ పేరు పైననే ఉంది" అంది. తన చావు కబురుకు కూడా సారు జాబితా తయారు చేసి పెట్టుకున్నారన్నమాట! ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది నాకు.

అవ్వల్ కార్కూన్ అంటే ఇక్కడి మరాఠీ ప్రాంతపు సర్కారు కచేరీల్లో పెద్ద గుమాస్తా. సారుది సరిహద్దు ఊరు హిమాయత్‌నగర్. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, చాయ్ దగ్గర దక్కనీ. ఈ తెలుగాయన మరాఠీ దస్తూరీ చూసి పుణె నుంచి బదిలీపై వచ్చిన ఆఫీసరు సాహెబులు కూడా కళ్లద్దాలు సవరించుకునేవారు. ఆ సంగతి చెప్పుకోవడం నాకిప్పటికీ గొప్పే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఆ కచేరీలో చేరాను. హాల్లో అయిదు కంప్యూటర్లు. ప్రింటర్ మాత్రం ఒక్కటే, అదీ సాహెబు గదిలో. రాసినదాన్ని ఫ్లాపీలో ఎక్కించుకుని ఆ తలుపు దగ్గర నిలబడాలి. సాహెబు మీటింగుకు వెళ్తే గదికి తాళం. అప్పుడు వచ్చినవాళ్లతో మేమనే మాట ఒకటే: "ఉద్యా యా." రేపు రండి అని. భోకర్ నుంచి, బిలోలి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు తలూపి వెళ్లిపోయేవారు. ఆ రెండు మాటలంటే సారుకు ఒళ్లు మంట.

ఒకరోజు నన్ను పిలిచి అడిగారు. "బాయి ఒక్కటే ఉంటది, బొక్కెనలు ఎన్నుంటె ఏంది బిడ్డా? అన్ని కంప్యూటర్లకు ఒక్క ప్రింటర్ నడవదా?"

"నడుస్తది సారూ" అన్నాను. ఆర్నెల్లు కంప్యూటర్ క్లాసుకు వెళ్లిన ధైర్యం అది.

సాహెబు ఎనిమిది రోజులు గడువిచ్చారు. నడవకపోతే ప్రింటర్ మళ్లీ తన గదికే. రిటైరవ్వడానికి రెండేళ్లున్న మనిషి స్టూలెక్కి గోడ వెంట తీగలకు క్లిప్పులు కొట్టారు. నేను వాటిని హబ్బులో, అంటే తీగలన్నీ కలిసే డబ్బాలో గుచ్చాను. ప్రింటర్‌ను సారు కంప్యూటర్‌కు తగిలించి, మిగతా నాలుగూ దాని ద్వారానే వెళ్లేలా పెట్టాను. మొదటి కాగితం రాగానే హాలంతా చప్పట్లు.

ఆ తర్వాత మొదలైంది నా గ్రహచారం. ఒక గంట వస్తుంది, ఒక గంట రాదు. తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చాను. సారు పాపం నా టేబుల్ దగ్గరికే వచ్చి, "ఇప్పుడు ఏసి చూడు" అనేవారు. రాదు. ఆయన వెళ్లి కూర్చున్న కాసేపటికి అదే వచ్చేది!

ఎనిమిదో రోజు సాయంత్రం బిలోలి అమ్మాయి ఒకతి వచ్చింది. నర్సింగ్ సీటుకు మర్నాడే దాఖలా, అంటే సర్టిఫికెట్, ఇవ్వాలి. అయిదు గంటల బస్సు తప్పితే ఊరు చేరలేదు. సారు చాయ్ తాగొచ్చి అప్పుడే కుర్చీలో కూర్చున్నారు. నేను ప్రింట్ నొక్కాను. రాలేదు. సాహెబు గడపలోంచి చూసి, "ప్రింటర్ పరత్ ఆణా" అన్నారు. వెనక్కి తెచ్చేయండని.

"ఏంది బిడ్డా, మల్ల బందైందా?" అంటూ సారు లేచారు. లేస్తూ లేస్తూ గోడ మీది స్విచ్చు టక్కున ఆర్పి, భార్య పాత చీరతో కుట్టిచ్చిన గుడ్డ కంప్యూటర్ మీద కప్పారు. సర్కారు కరెంటు దండగ కాకూడదు. కుర్చీ లోంచి లేస్తే లైటూ ఫ్యానూ ఆర్పడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. మాకందరికీ నేర్పింది కూడా ఆయనే. ఆ గుడ్డ కింద యంత్రం వెలుగుతోందో లేదో ఎనిమిది రోజులూ ఎవరూ చూడలేదు.

దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాను. "సారూ, మీది ఆర్పితే అందరిదీ ఆగుతది."

సారు ఆ గుడ్డ వైపు చూశారు. తర్వాత హాలంతా వినేట్టు అన్నారు: "చూక్ మాఝీ ఆహే సాహెబ్. పోరీచీ నాహీ." తప్పు నాది, పిల్లది కాదు అని. అంత పెద్దమనిషి, అంతమంది ముందు! నేనైతే తీగల మీదకు తోసేసేదాన్ని.

స్విచ్చు వేశారు. యంత్రం పూర్తిగా లేచేదాకా ఆగి మళ్లీ నొక్కాను. దాఖలా బయటికొచ్చింది. సాహెబుతో సంతకం చేయించి సారే దాన్ని ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. "ఉరుకు బిడ్డా, బస్సు పోతది."

తర్వాత నాతో అన్నారు: "కాగితం వేడిగున్నప్పుడే ఇయ్యాలె. చల్లారినంక ఇస్తె మెహర్బానీ చేసినట్టుంటది."

ప్రింటర్ హాల్లోనే ఉండిపోయింది. గుడ్డ ఇంటికి వెళ్లిపోయింది. రిటైరయ్యేదాకా సారు లేచినప్పుడల్లా వేలు స్విచ్చు దాకా వెళ్లి, బుద్ధి తెచ్చుకుని జేబులో దూరేది. ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానని నేను ఎక్కడైనా తలెత్తి చెబుతాను.

సోమవారం ఆయన్ను సాగనంపి, మంగళవారం కచేరీకి వెళ్లాను. ఇప్పుడు ఆ కుర్చీలో నేనే ఉన్నాను. సాయంత్రం భోకర్ రైతు ఒకాయన అర్జీ ఇచ్చి, "రేపొస్త అమ్మా" అంటూ తనే వెనుదిరిగాడు.

"ఆగు కాకా" అన్నాను.

ప్రింట్ తీసి, సాహెబుతో సంతకం చేయించి ఇచ్చాను. అతను మడవలేదు. ఇంకా వెచ్చగా ఉన్న కాగితాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని బస్టాండు వైపు గబగబా నడిచాడు.