పట్టుపోగుల సంచి

నా చిన్నప్పుడు ఏ పనైనా అందరికంటే ముందు నేనే ముగించాలన్న పిచ్చి ఉండేది. అన్నం కూడా అలాగే తినేదాన్ని. ఆ పిచ్చి కొంతైనా కుదిర్చింది సూర్యాపేటలో మా పక్కింటి అక్క. ఎనభైల నాటి మాట.

అక్కకు పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. నాట్లకూ కలుపుకూ పోలేక అన్నావదినల దగ్గరే ఉండేది. వదిన చెడ్డది కాదు గానీ, అన్నం పెట్టేటప్పుడు ఒక నిట్టూర్పు కూడా పెట్టేది. అది అక్కకు మింగుడు పడేది కాదు. అందుకే ఒక పని వెతుక్కుంది. మగ్గాల దగ్గర కోసి పడేసే పట్టుపోగులు తెప్పించుకుని, ఏ రంగు దొరికితే ఆ రంగు కలిపి పేని, రెండు సూదులతో చిన్న చిన్న సంచులు అల్లేది. హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చి, బేరమాడకుండా అక్క చెప్పిన ధరకే తీసుకునేది. ఒకటే షరతు, ప్రతి సంచిలో అల్లినవాళ్ల పేరు రాసిన చీటీ ఉండాలి. ఆ ఎండాకాలం పాతిక సంచులు అడిగి, ఇవి నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానంది. అక్క ఆ మాట మీదే బతికింది.

నేనూ అల్లుతానని ప్రాణం తీస్తే ఒక దారం ఉండ నా చేతికిచ్చింది. గట్టిగా అల్లితే ఎప్పటికి తెమిలేది? వదులు వదులుగా లాగించి ఒక్క పూటలో ముగించాను. కన్నాల్లో చిటికెన వేలు దూరేది. అదో అందం అనుకుని, అక్క సంచుల మధ్యలో దూర్చేశాను.

మర్నాడు అక్క పిలిచింది. "మా అమ్మ ముక్కుపుల్ల మర ఊడింది, అవుసులాయనకు ఇచ్చి రాపో. నువ్వల్లిన సంచిలనే పెట్టిన, పైలం" అని మూతి ముడేసి ఇచ్చింది. నా పనితనం మెచ్చిందని ఎగురుకుంటూ పోయాను.

కంసాలి కొట్లో అవుసులాయన ముడి విప్పితే సంచి ఖాళీ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బజారు పొడుగునా వంగి దుమ్ములో వెతికాను. ఏడుస్తూ తిరిగొచ్చి ఖాళీ సంచి అక్క ముందు పెట్టాను.

అక్క గబగబా కొంగుముడి విప్పింది. ముక్కుపుల్ల అందులోనే ఉంది.

"నీ సంచిల పెట్టింది పెసరగింజ. ఏడ్వకు చెల్లె, గింత ఏడుస్తవనుకోలే" అంటూ ముఖం తుడిచింది. తర్వాత మెల్లగా అంది, "కొనుక్కున్నామె గూడ గిట్లనే ఏడుస్తది గదా. చీటీ మీద నా పేరే ఉంటది."

చెంప పగలగొట్టినా నాకంత కోపం వచ్చేది కాదు. రెండు రోజులు అటు తొంగి చూడలేదు. మూడోనాడు వెళ్లి, పలకరించకుండానే ఆ సంచి విప్పేసి మొదటినుంచి అల్లాను. నాలుగు రోజులు పట్టింది, వేళ్లు కందిపోయాయి. అక్క వేలు దూర్చి చూసింది, దూరలేదు. నవ్వి, చీటీ మీద నా పేరు రాసింది. "నీ పేరే రాయక్కా" అని నేనన్నా వినలేదు.

"అల్లింది నువ్వు, నా పేరెందుకు?"

మేడం పాతికా తీసుకుంది. ఏడాది తిరక్కముందే అక్క ఒక గది కిరాయికి తీసుకుని సొంత పొయ్యి పెట్టుకుంది.

మనవలు పుట్టినా నా తొందర పోలేదు. కానీ ఏ పనైనా చేతిలోంచి వదిలే ముందు, దీన్ని నమ్మి ఎవరో ఏదో దాచుకుంటారని గుర్తొస్తుంది. నా పేరున్న ఆ సంచి ఏ ఊరు చేరిందో, అందులో ఎవరేం దాచుకున్నారో నాకు తెలియదు. అది ఏదైనా సరే, దారిలో మాత్రం జారిపోయి ఉండదు.