మోయగలిగిన పియానో

మా ముత్తాతగారు మూడు ఊళ్ల మీద శిస్తు వసూలు చేసిన మొఖాసాదారు. తాతగారు పల్లకీలో తప్ప ఊరి పొలిమేర దాటి ఎరగరు. నాన్నగారు రాజమండ్రి వెళ్లినా తన గొడుగు తను పట్టుకునేవారు కాదు, వెనక ఒక మనిషి పట్టుకుని నడిచేవాడు. ఇవాళ పొద్దున్న మండపేట బస్సులో నా పక్కనెవరో రెగ్జిన్ సంచి జిప్పు లాగారు. ఆ చప్పుడుకి, ఎండకు కాగిన ఆ రెగ్జిన్ వాసనకి, నా ఎడమ భుజం తనంతట తానే కాస్త ఒరిగింది. దేవదానం మాస్టారు గుర్తొచ్చారు.

ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమస్తా. ఆదివారాలు చర్చిలో పియానో వాయించేవారు. పదేళ్లపాటు నాకు నేర్పింది ఆయనే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నాన్నగారు పోయాక, మాకు మిగిలిన ఆధారం నా వేళ్లే. మండపేటలో ఒక బడి, రాజమండ్రిలో ఒక బడి, వారానికి చెరి మూడు రోజులు సంగీతం చెప్పమన్నాయి. వాయిద్యం మాత్రం నేనే తెచ్చుకోవాలి. జూన్‌లో బడులు తెరిచేనాటికి అది లేకపోతే ఉద్యోగం లేదు. ఇంట్లో ఆఖరి పెద్ద వస్తువు అమ్మగా వచ్చిన ఇరవై వేలు జేబులో పెట్టుకుని, మాస్టారిని వెంటబెట్టుకుని రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక కొట్టుకు వెళ్లాను.

కొట్టాయనకు మా ఇంటి పేరు తెలుసు. నాకు కుర్చీ వేశాడు. అరవై ఏళ్ల మాస్టారిని నిలబెట్టాడు. అది తలుచుకుంటే ఈనాటికీ నా ఒళ్లు మండుతుంది. ఇంకా మండేది, నేనూ ఆ కుర్చీలోంచి లేవనందుకు. టేకు రంగులో నిగనిగలాడుతున్న ఒక పాత డిజిటల్ పియానో చూపించి, "మీలాంటి పెద్దింటివారికి ఇదేనండి బాబుగారూ. ఇంకోటి చూపిస్తే మాకే నామోషీ," అన్నాడు. నేను రంగు చూశాను, స్వరం విన్నాను, తల ఊపాను.

"కరెంటు తీసెయ్యండి," అన్నారు మాస్టారు.

"తీసేస్తే ఏం వినపడుద్దండీ? చర్చి పాటలకి ఏదైతే ఏంటి, పెద్దాయనా?"

మాస్టారికి కోపం రాలేదు. స్విచ్చి తనే కట్టేసి, చప్పుడు లేని పియానో మెట్ల మీద రెండు చేతులూ నడిపారు. "శబ్దం ఎవరికైనా నచ్చుద్దండి. మూగగా ఉన్నప్పుడు కూడా మెట్టు వేలికి బదులు చెప్పాలి. ఇది చెబుతోంది, బాగానే ఉంది," అని నావైపు తిరిగారు. "ఏదీ, ఎత్తి చూడండి బాబూ."

"వీళ్లే బండి మీద పంపుతారు కదండీ."

"ఆయ్, పంపిస్తామండి," అన్నాడు కొట్టాయన.

"ఇంటికి పంపుతారు. ఇంటి నుంచి బడికో?"

"మనిషిని పెట్టుకుంటాను."

"ఆయన జీతం మీ జీతంలోంచేనా అండి?"

కొనే వస్తువు బరువు చూడాలన్న ఆలోచన మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ రాలేదు.

మాస్టారు వెనక గదిలో వెతికించి, గీతలు పడ్డ నల్ల ప్లాస్టిక్ పియానో ఒకటి తెప్పించారు. మెట్లు కొన్ని తక్కువ. కరెంటు లేకుండా దాన్నీ వాయించి చూసి, సంచిలో పెట్టి నా భుజానికి తగిలించారు. "బస్టాండు దాకా మోసుకెళ్లి రండి. మొయ్యగలిగితే కొందాం. అందాకా పూచీగా నేను మీ కుర్చీలో కూర్చుంటాను," అన్నారు. కూర్చున్నారు కూడా.

బస్టాండు దగ్గర మా బాబాయి ఎదురుపడ్డాడు. పేకాటలో వంద ఎకరాలు పోగొట్టిన పెద్దమనిషి. "నడిబజార్లో పరువు తీశావు కదరా. మన ఇంటావంటా మూట మోసినవాడున్నాడా?" అన్నాడు. తిరిగొచ్చి మాస్టారికి చెప్పాను. నన్ను ఓదారుస్తారనుకున్నాను.

"మోసినవాళ్లు లేకేమండి," అన్నారాయన తాపీగా. "మీ తాతగార్ని మోశారుగా నలుగురు."

ఆ నలుగురి పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు.

మాస్టారు పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ పాఠం మొదలుపెట్టే ముందు కరెంటు లేకుండా ఒకసారి మెట్లన్నీ తడుముతాను. ఆనాడు కొన్న ఆ నల్ల పియానో సంచి ఎవరినీ పట్టుకోనివ్వను. మా ఇంటి పరువు గురించి మాట్లాడేవాళ్లు ముందు దాన్ని ఒక్క ఫర్లాంగు మోసి మాట్లాడాలి.

ఆ ఇరవై వేలకు అమ్మింది తాతగారి పల్లకీ. ఒక హోటలు వాళ్లు కొనుక్కుని, వాకిట్లో నిలిపి, అందులో పూలకుండీలు పెట్టుకున్నారు.