నూనె కోసం ఇంజన్ ఆపిన రోజులు

నేల కింద నూనె వెతకడానికి మనుషులొచ్చారని నాకు మొదట చెప్పింది మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి అక్క. ఎనభైల్లో మేం మహదేవపూర్ దగ్గరి పల్లెలో ఉండేవాళ్లం. పొలాల్లో తీగలు పరుస్తారట, మందు పేలుస్తారట అని ఆమె చెబుతుంటే, మా అత్త చెవిన పడింది నూనె ఒక్కటే. మర్నాడు పొద్దున్నే దీపాలకు కిరోసిన్ పోసుకునే గాసునూనె డబ్బా తోమి ఎండలో పెట్టింది.

ఆ వచ్చిన బృందానికి పెద్దగా ఉన్నాయన జనగామ వైపు మనిషి. డబ్బా చూసి నవ్వలేదు. మా అరుగు మీద కూర్చొని చెప్పాడు.

"నేల కింద నూనె చెరువు లెక్క ఉండదవ్వా. కొత్తకుండ గోడల నీళ్లు ఇంకినట్టు రాయిల ఇంకి ఉంటది. రాయి ఎంత మందమున్నది, ఎంత దూరం పరుచుకున్నది, దాంట్ల సందులెన్ని, గివన్నీ చూసి నూనె ఎంతుంటదో అందాజ కడుతం. కట్టినంత పైకి రాదు, కొంత రాయే ఉంచుకుంటది."

పేలుడు అదురు లోపలి రాతిపొరలకు తగిలి తిరిగొస్తే తీగలు పట్టుకుంటాయట. ఎంతసేపటికి వచ్చిందన్నదాన్ని బట్టి లోతు తెలుస్తుందట. నేను బడికి పోలేదు, మా బాపు ఇంట్లో దిద్దించిన అక్షరాలే నావి. అయినా ఆ మాట అర్థమై, దేవుడు ఎంత లోతున ఏమేం దాచాడోనని మనసులోనే దండం పెట్టుకున్నాను.

చిక్కు మా బావి దగ్గర వచ్చింది. వరి పాలు పోసుకుంటోంది, నీళ్లు తప్పకూడదు. నీళ్లు తోడే మా డీజిల్ ఇంజన్ అదురు కూడా వాళ్ల తీగల్లో పడుతోందని, పేల్చేటప్పుడల్లా ఆపమన్నారు. ఆ ముసలి ఇంజన్ ఆగిందంటే మళ్లీ అంటుకోదు. హ్యాండిల్ తిప్పి తిప్పి మా ఆయన భుజాలు పడిపోయేవి. మడి నెర్రెలు విచ్చసాగింది.

"మీ నూనె ఉన్నదో లేదో దేవునికెరుక. మా పంటయితే పోతది బిడ్డా," అంది అత్త.

వాళ్ల జీపు డ్రైవర్‌కు మన భాష రాదు, అయినా ఇంజన్ వైపు చూసి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆనాటి నుంచి పేలుడు కాగానే పరుగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టేవాడు. ఆయన చేతికి ఇంజన్ ఇట్టే పలికేది.

"ఇద్దామంటే ఇంట్ల పిల్ల లేదు అల్లుడా, గీ ఇంజన్నే తోల్కపో," అని అత్త ఆటపట్టించేది. అర్థం కాకపోయినా నవ్వేవాడు. అరచేతులు బొబ్బలెక్కితే ఆమే వెన్న రాసింది.

నూనె దొరికిందన్న మాట మళ్లీ వినలేదు. అత్త డబ్బాలో రేషన్ గాసునూనే పడింది. వరి మాత్రం ఇల్లు చేరింది. కొత్త బియ్యంతో పరమాన్నం వండి దేవుడికి పెట్టేనాటికి వాళ్లు డేరాలు ఎత్తేసి వెళ్లిపోయారు. ఆ డ్రైవర్ విస్తరిలో ఒక్క గరిటె వడ్డించలేకపోయాను. ఇది చదివినవారు మీ ఇంట కొత్త బియ్యం వండిననాడు, మొదటి ముద్దకు ముందు ఆ డ్రైవర్‌ను ఒక్కసారి తలచుకోండి.