బోర్డెక్కిన వదిన

రేవు పక్క వీధిలో ఉన్న ఆ బోర్డుల షెడ్డుకు ఎవరొచ్చినా ఆమెను "వదినా" అనే పిలుస్తారు, అరవై దాటినవాళ్లతో సహా. దీనంతటికీ కారణం ఆమె ఆడపడుచు. తెరచాప బోర్డు పందేల్లో దిగే ఆ పిల్ల "ఇది మా వదిన చేసింది, ఇది మా వదిన చేసింది" అని ఊరంతా చాటడంతో అసలు పేరు అందరూ మరిచిపోయారు.

వదిన వడ్రంగి కూతురు. పెళ్లికి ముందు తండ్రి దగ్గర తలుపులు, కిటికీలు చేసేది. పెళ్లయ్యాక చిత్రిక అటకెక్కింది. చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు ఆడపడుచు ముక్కు విరిగిన బోర్డొకటి తెచ్చి వరండాలో పడేస్తే, చూస్తూ ఊరుకోలేక బాగుచేసింది. లోపల తెల్లటి ఫోమ్, పైన గాజునార గుడ్డ, ఆ గుడ్డను గట్టిపరిచే రెజిన్. చెక్క కంటే మెత్తగా తెగే ఫోమ్ మీద చేతులాడించడం ఆమెకు భలే నచ్చింది. అలా మొదలై పన్నెండేళ్లలో నలభై బోర్డులు చేసింది. అంతకుముందు పడవలకు రంగులు వేసే భర్త కూడా వచ్చి చేరాడు. గుడ్డ పరచడం, ఉప్పుకాగితం పట్టడం అతని పని.

తంటా వచ్చింది నలభై ఒకటో బోర్డుతోనే.

ఆడపడుచు దిగే స్లాలమ్ పందెమంటే నీటి మీద తేలే బంతుల చుట్టూ మలుపులు తిరుగుతూ పరుగెత్తడం. బోర్డు మీద నిలబడి, చేతిలోని తెరచాపతో గాలిని పట్టుకుని పోవాలి. నలభై ఒకటోదాని తోకను వదిన పలకలా చదునుగా, వెడల్పుగా చేసింది. ఒడ్డున గడియారం పట్టుకుని చూస్తే అది తన పాతవాటన్నిటికంటే వేగంగా పోయింది. కానీ ఆ ఏడు ఆడపడుచు వరసగా మూడు పందేల్లో వెనకబడింది. మొదటి బంతి దాకా ముందుండేది. మలుపు తిరిగాక ఎవరో ఒకరు దాటేసేవాళ్లు.

"కాస్త అలలు లేస్తే చాలు, కోడెదూడలా ఎగురుతోంది వదినా. నా మాట వినడం లేదు," అంది ఆడపడుచు, షెడ్డు గుమ్మంలో తడి జుట్టు పిండుకుంటూ.

"గడియారం అబద్ధం చెప్పదుగా. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస."

"ఒడ్డున నిలబడి నువ్వెన్నైనా చెబుతావు. ఒకసారి ఎక్కి చూడు, తెలుస్తుంది."

అనడానికైతే మాటకు మాట అంది గానీ, ఆ పిల్ల వెళ్లాక వదినకు పని సాగలేదు. ఇన్నేళ్లుగా బోర్డులు చేస్తోంది, ఒక్కసారీ ఎక్కింది లేదు. తీరిక లేదని చెబుతూ వచ్చింది. నీళ్లంటే గుండె దడ అని మొగుడికి కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే రేవుకు వెళ్లి, "నేర్పు," అంది ఆడపడుచుతో. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్లు.

మొదటి రోజు ఎక్కడం, పడడం, నీళ్లు మింగడం, మళ్లీ ఎక్కడం. భర్త ఒడ్డున కూర్చుని, "ఇవాళ్టికి పదిహేడు సార్లు," అన్నాడు.

"రేపు మీరు ఎక్కండి, నేను లెక్కపెడతాను," అంది వదిన. ఆ తర్వాత అతను లెక్క మానేసి తువ్వాలు పట్టుకుని నిలబడేవాడు.

అయిదు నెలలు పట్టింది. పెద్ద వెడల్పాటి బోర్డు మీద నిలదొక్కుకుని, పాదాలను బోర్డు మీది పట్టీల్లో దూర్చడం అలవాటయ్యాక, ఒక గాలి రోజున నలభై ఒకటోదాన్ని అడిగి తీసుకుంది. బోర్డు వేగం అందుకోగానే తోక నీటిని టపటపా కొట్టింది. వదిన కాలివేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆ వెంటనే, తను అనుకోకుండానే, చేతులు తెరచాపను వదులు చేశాయి. బోర్డు నెమ్మదించింది. మళ్లీ బిగించింది, మళ్లీ అదే జరిగింది. వేగం బోర్డులో ఉంది, కానీ దాన్ని వాడుకోవడానికి మనిషికి ధైర్యం చాలడం లేదు.

ఒడ్డుకొచ్చి, ఆయాసం తీరాక ఆడపడుచుతో అంది: "మద్దెల ఓడే. నువ్వన్నది నిజం."

ఆ పిల్ల ఆ మాటను వారం రోజులు ఊరంతా చెప్పుకు తిరిగింది.

కొత్త బోర్డును వదిన పాదాల దగ్గర మొదలుపెట్టింది. పాదం పూర్తిగా ఆనేలా పైభాగాన్ని రెండు వైపులా వాలుగా చెక్కింది. తెరచాప స్తంభం నిలిచే చోటును లోతు చేసి, గాలి లాగుడు బోర్డును పైకెత్తకుండా కిందికి దిగేలా చూసింది. తోక కింద రెండు మూలల్లోనూ కొంత మేర తొలిచేసింది. అక్కడ నీరు తాకేది తగ్గింది, టపటపా తగ్గింది. మలుపులో నీటిని పట్టుకోవడానికి తోక అంచుల్ని పల్చన చేసింది.

"ఇంత పల్చగా చేస్తే మడమ దెబ్బకు విరిగిపోదూ," అన్నాడు భర్త.

"విరక్కుండా చూడాల్సింది మీరేగా."

అతను గొణుక్కుంటూనే మడమలు ఆనేచోట కార్బన్ గుడ్డ రెండు పొరలు ఎక్కువ వేశాడు.

గడియారం పట్టి చూస్తే కొత్తది నేరు పరుగులో పాతదానికంటే ఒక పిసరు నెమ్మది. వదినకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ ఆదివారం పందెంలో మొదటి బంతి దగ్గర ఆడపడుచు నాలుగోది. మలుపులో ఆమె తెరచాప వదులు కాలేదు. బయటికొచ్చేసరికి మూడోది. మూడో మలుపు దాటాక రెండోది. చివరిదాకా అక్కడే నిలిచింది. మొదట వచ్చిన అమ్మాయి ఆమెకంటే నిజంగానే గట్టిది.

"ఫస్టు ఎందుకు రాలేదని అడగవేం వదినా?"

"నవ్వుకుంటూ వచ్చావుగా. ఎగరలేదని అర్థమైంది."

"ఎగరలేదు. కాళ్ల కింద బోర్డు ఉందన్న సంగతే మర్చిపోయాను."

వదిన బోర్డును తిరగేసి, తోక అంచు మీద బొటనవేలు పోనిచ్చి చూసుకుంది. తర్వాత ఆ పిల్ల భుజం మీద తువ్వాలు వేసింది.

ఇప్పుడు ఎవరు బోర్డు అడగడానికొచ్చినా వదిన ముందు చెప్పులు విప్పిస్తుంది. నేల మీద గోధుమరంగు కాగితం పరిచి, గాలికి ఎదురు నిలబడ్డట్టు నిలబడమని, పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీస్తుంది. ఎవరి కాళ్ల ఎడం వాళ్లది, ఎవరి బరువు ఎటు మొగ్గుతుందో వాళ్లకే తెలియదు అంటుంది. తయారైన ప్రతి బోర్డునూ ఇచ్చేముందు తను ఒకసారి ఎక్కి వస్తుంది. నీళ్లంటే దడ పూర్తిగా పోలేదు, తగ్గింది.

మొన్న ఒక భారీ మనిషి వచ్చాడు, ఎన్నో పందేలు గెలిచినవాడు. పెన్సిల్ అరికాలి వంపు దగ్గరికి రాగానే మెలికలు తిరిగిపోయాడు.

"కదలకు నాయనా, నీకు ఆరో వేలు వస్తోంది," అంది వదిన.

అతను నవ్వి నవ్వి కాగితం మీదే కూలబడ్డాడు. ఆమె ఇంకో కాగితం పరిచింది.